టామీగాడి దురద, పోలమ్మ బోణీ

మా టామీగాడికి ఒళ్లంతా దురద. ద్వారకా నగర్‌లో కుక్కల డాక్టరుకి చూపిస్తే చేపలు పడటం లేదన్నారు. వాడి ముందు తినలేక ఇంటిల్లిపాదీ చేపలు మానేసి పప్పు తింటున్నాం. అయినా వాడి గోకుడు తగ్గలేదు.

ఈ రోజు పొద్దున్న గేటు దగ్గర చేపలమ్మే పోలమ్మ, బుట్ట దించి మొదటి కవ్వ చేపని టామీగాడి నోట్లో పెట్టడం నా కంటబడింది.

"ఏటి పోలమ్మా, ఇదేం పని?"

"మీరు కొనడం మానీసినారు గదమ్మా. మరి నాకు బోణీ ఎవలు సేత్తారు? రోజూ ఈడు తింతే బేరం బాగుంతంది."

"వాడికి చేపలు పడవు, దురద!"

"అలాగైతే నువ్వే సెయ్యమ్మా బోణీ."

చేశాను. సాయంత్రం పులుసు పెట్టాను. టామీగాడు వంటింటి గుమ్మంలో కూర్చుని, గోక్కోవడం కూడా మానేసి నన్నే చూస్తున్నాడు.

ఈ చూపుకి ఆయింట్‌మెంట్ ఏదైనా ఉంటే చెప్పండి. నాకే.