అరిగిన ముల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం ఎవరూ కుర్చీకి వీపు ఆనించి కూర్చునేవారు కాదు. ఆ సాయంత్రం మా తాతయ్య గ్రామఫోన్ పెట్టించేవారు. పాట వింటున్నంతసేపూ వెన్ను నిటారుగా ఉండాలన్నది మా ఇంటి నియమం. ఆ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఇప్పటికీ నేను కుర్చీలో ఆనుకుని కూర్చోలేను. వెన్నునొప్పికి మందు ఇచ్చే డాక్టరు అది మంచిది కాదంటాడు.

మా బంగళా గోపన్‌పల్లికి అవతల ఉండేది. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో నాలుగో అంతస్తులో మా అమ్మాయి ఫ్లాటు ఉంది, నేను అందులోనే ఉంటున్నాను. బంగళాలో పదహారు గదులు ఉండేవి. నాకు ఊహ తెలిసేసరికి తలుపులు తెరిచేవి నాలుగే. భూములు ఎలా పోయాయో ఇక్కడ చెప్పను. పోయాయి, అంతే.

మిగిలినవాటిలో తాతయ్య ప్రాణంగా చూసుకున్నవి ప్లేట్లు. గ్రామఫోన్ రికార్డులను మేము ప్లేట్లనే అనేవాళ్ళం. రెండు టేకు బీరువాల నిండా ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో గుడ్డ సంచి. ఒకప్పుడు శుక్రవారం నలభై మంది వచ్చేవారట. నా కాలానికి బడిపంతులు, ఇద్దరు ముగ్గురు పాత మనుషులు, మా దూరపు చుట్టాలు కొందరు, అంతే. పాట మొదలవగానే తాతయ్య కళ్ళు మూసుకునేవారు. కుర్చీ చేతిమీద ఒక వేలు మాత్రం తాళం వేసేది. పాట ఆఖరి చరణం అయి గ్రామఫోన్ ముల్లు ప్లేటు లోపలి గీత చేరే క్షణానికి కళ్ళు తెరిచి, ఒకే ఒక్క మాట అనేవారు, "బాగుంది" అని. ఎప్పుడూ ఒక్క క్షణం ముందు కాదు, వెనక కాదు. వచ్చినవాళ్ళు బయటకు వెళుతూ దొరవారి చెవి గురించి చెప్పుకునేవారు. నాకు గర్వంగా ఉండేది.

మా నానమ్మ ఏ సంగతైనా ఆయన చెవిలోనే చెప్పేది. పెద్ద కుటుంబాలలో మర్యాద అలాగే ఉంటుందని అనుకునేదాన్ని. ఎవరైనా పిలిస్తే ఆయన వెంటనే పలికేవారు కాదు. దొరలు వెంటనే పలకరని నౌకర్లు అనుకునేవారు.

నా పని ముల్లు. గ్రామఫోన్‌కు ఒక్కో పాటకు ఒక్కో కొత్త ముల్లు పెట్టాలి. ఒకసారి తిరిగిన ముల్లు కొస అరిగిపోతుంది, అదే మళ్ళీ పెడితే ప్లేటులోని గీతను కోసేస్తుంది. రేకు డబ్బాలోంచి కొత్త ముల్లు తీసి బిగించడం, పాతదాన్ని పక్కన పడేయడం నాకు అప్పగించారు. నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది ఒకరోజు నానమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, పాత ముళ్ళు పడేయవద్దు, మళ్ళీ డబ్బాలోనే వేయమంది. ఎందుకని నేను అడగలేదు. మా ఇంట్లో ఎందుకని అడిగే అలవాటు లేదు.

గ్రామఫోన్ బాగుచేయడానికి పట్నం నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. లింగంపల్లి స్టేషనులో దిగి, చెక్కపెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేవాడు. నేను ఆయనను చాచా అనేదాన్ని. చాచా స్ప్రింగు విప్పి నూనె పెట్టేవాడు, బాకాను మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. పని అయ్యాక గడప పక్కన నేలమీద కూర్చుని ఒక పాట వినేవాడు. కుర్చీ వేసేవారు కాదు, ఆయన అడిగేవాడూ కాదు.

అదే ఏడాది ఒక శుక్రవారం మా మేనత్త, మామయ్య వచ్చారు. మామయ్య పట్నంలో ఆఫీసరు. రెండు చక్రాలు తిరిగే టేప్ రికార్డర్ ఒకటి కొన్నాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకునే వచ్చాడు. మా ఇంట్లో ఉన్న ఒక పాటనే ఎవరి ఇంట్లోనో ఆ టేపులోకి ఎక్కించుకొచ్చాడు. రెండూ వినిపిస్తానని, ఏది మేలో మామగారే తేల్చాలని మధ్యాహ్నం నుంచీ అందరికీ చెబుతున్నాడు. నానమ్మ ఆ సంగతి తాతయ్య చెవిలో చెప్పడం చూశాను. తాతయ్య తల ఊపారు. నానమ్మ అదే మాట రెండోసారి చెప్పి, ఆయన ముఖం చూసి గానీ కదల్లేదు. అల్లుడి ముందు మాట పోతుందని భయమేమో అనుకున్నాను.

సాయంత్రానికి హాలు నిండింది. చాలా ఏళ్ళ తర్వాత నిండిందని తర్వాత నానమ్మ చెప్పింది. ముందు టేపు పెట్టారు. చక్రాలు తిరిగాయి. నా చెవికి ఆ పాట చాలా స్పష్టంగా వినిపించింది, ప్లేటు మీద వచ్చే గరగర లేదు. తాతయ్య కళ్ళు మూసుకుని విన్నారు, సరైన క్షణంలో తెరిచారు.

"ఇందులో ప్రాణం లేదు" అన్నారు.

"గరగర లేదు మామా, అదే తేడా!" అన్నాడు మామయ్య నవ్వుతూ. "ఇగ ఆ డబ్బాను అటకెక్కియ్యిండ్రి."

పంతులుగారు కూడా నవ్వారు. తాతయ్య నవ్వలేదు, నా వైపు వేలు చూపించారు. నేను లేచి ముళ్ళ డబ్బాలో చెయ్యి పెట్టాను. అన్నీ అరిగినవే. వాటిలో కాస్త మెరుస్తున్నది తీసి బిగించాను. ఆ ఉదయమే గ్రామఫోన్ బాగుచేయడానికి వచ్చిన చాచా గడప దగ్గర నుంచి నా చేతి వైపే చూస్తున్నాడు.

పాట మొదలైంది. తాతయ్య కళ్ళు మూసుకున్నారు. రెండో చరణంలో ముల్లు ఇరుక్కుంది. పాడే ఆవిడ "ఇంతలోనే" అంది, మళ్ళీ "ఇంతలోనే" అంది, మళ్ళీ అదే. ఎవరైనా లేస్తారేమోనని చూశాను. తాతయ్య కదలకుండా లేచే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన వేలు తాళం వేస్తూనే ఉంది. "ఇంతలోనే, ఇంతలోనే" అని ప్లేటు అరుస్తోంది, ఆయన వేలు మాత్రం మూడో చరణంలోకి వెళ్ళి, దాన్ని దాటి, చివరికి చేరుకుంటోంది. నాకు ఆ పాట నోటికి వచ్చు కాబట్టి ఆ వేలు ఎక్కడుందో తెలుస్తోంది. మామయ్య పెదవి మీద నవ్వు మొదలైంది. పంతులుగారు తల దించుకున్నారు. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాతయ్య కళ్ళు తెరిచి, "బాగుంది" అన్నారు.

ప్లేటు ఇంకా "ఇంతలోనే" అంటూనే ఉంది.

అప్పుడు చాచా గడప దగ్గర నుంచి ఒక్క ఉదుటున లేచి వచ్చాడు. పదిమంది ఉండగా ఎన్నడూ హాలు మధ్యకు రాని మనిషి. ముల్లు ఎత్తి, ప్లేటు ఆపి, తాతయ్య చెవికి దగ్గరగా వంగి, అందరికీ వినపడేలా అరిచాడు.

"బాగుందని ఎత్తిపొడవకుండ్రి దొరా! గలతీ నాది. పొద్దుగాల సాఫ్ చేసుకుంట పాత ముల్లు డబ్బల ఏసిన. చిన్న దొరసానికేం తెల్సు? మాఫ్ చెయ్యిండ్రి."

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. మామయ్య నవ్వు తాతయ్యను వదిలి చాచా మీదకు మళ్ళింది. "నాకు ముందే తెల్సు, దొర ఎత్తిపొడుస్తున్నరని" అన్నాడు ఒక ముసలాయన. తాతయ్య ఆగిన ప్లేటును చూశారు. ముల్లును చూశారు. తర్వాత చాచా ముఖంలోకి చాలాసేపు చూశారు. ఆయనకు అంతా అర్థమైందని నాకు తెలిసింది. అర్థమైన తర్వాతే ఆయన ఆ మాట అన్నారు.

"పని రాకుంటె ఈ గడప తొక్కకు."

చాచా వంగి సలాం చేసి, పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. నేను వెనక దారిలో పరుగెత్తి గేటు దగ్గర పట్టుకున్నాను. ముల్లు బిగించింది నేను కదా, మీరెందుకు అలా చెప్పారని అడిగాను. ఆయన పెట్టె కిందకు దించి, నుదురు తుడుచుకున్నాడు.

"పోయిన సాలు మిషన్ బాగుచేసి, ముల్లు పెట్టుడు మర్చిపోయి తిప్పిన బిడ్డా. ప్లేటు ఉట్టిగనే తిరిగింది. దొర కండ్లు మూసుకున్నడు, ఆఖర్ల బాగుందన్నడు. అప్పటి సంది నాకు ఎరుకే."

"తాతయ్యకు వినపడదా?"

"పాట మొత్తం లోపల ఉన్నది. బయటిది వినపడకుంటె ఏంది?" అని, పెట్టె మూత నొక్కి చూసుకుంటూ, "నువ్వు ఎవ్వలకు చెప్పకు. ఆయన్ని అట్లనే కూసోనియ్యి" అన్నాడు.

అంత మాట అన్నందుకు కోపం లేదా అని అడిగాను. జర నొచ్చిందన్నాడు. అంతే. పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. స్టేషను వైపు వెళ్ళే బాట ఎర్రమట్టిది. ఆయన చెప్పులు దానిలో దిగబడుతూ వెళ్ళడం చాలాసేపు చూశాను. లోపలికి వచ్చి, తప్పు నాదని చెప్పలేదు. నానమ్మ కొత్త ముళ్ళు కొనడం మానేసిందనీ చెప్పలేదు. నేను కూడా ఆ ఇంటి పిల్లనే.

తాతయ్య మళ్ళీ చాచాకు కబురు పెట్టలేదు. శుక్రవారాలు ఆగిపోయాయి. కొన్ని సాయంత్రాలు ఆయన మూత పెట్టిన గ్రామఫోన్ ముందు నిటారుగా కూర్చునేవారు. వేలు కదిలేది. గేటు చప్పుడై నేను తల తిప్పితే, ఆయన కూడా నా ముఖం చూసి గేటు వైపు చూసేవారు. ఎవరి కోసమని నేను అడగలేదు. మూడేళ్ళకు ఆయన పోయారు. ఏడ్చినట్టు గుర్తు లేదు. ప్లేట్లు ఎవరెవరికో వెళ్ళాయి.

ఇదంతా నేను ఎవరికీ చెప్పలేదు. పోయిన నెలలో ఒక ఆదివారం జరిగినదాని వల్ల ఇప్పుడు రాస్తున్నాను.

మా పై ఫ్లాటులో కడప వైపు అబ్బాయి ఒకడున్నాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం. పాత ప్లేట్లు, కొత్తగా వస్తున్న ప్లేట్లు కలిపి గోడ నిండా పేర్చుకున్నాడు. నా చిన్నతనం సంగతి మా అమ్మాయి ద్వారా తెలిసి, నన్ను పైకి పిలవడం మొదలుపెట్టాడు. అతనికి ఒక స్నేహితుడు ఉన్నాడు, కాకినాడ వాడు. ఎప్పుడూ ఒకటే వాదన. ప్లేటులో గాలి, గొంతు, మనిషి ఉంటారని ఇతను. అదంతా దుమ్ము చప్పుడని, ఫోనులో వచ్చేదే అసలు పాటని అతను. ఆ ఆదివారం నన్ను తీర్పు చెప్పమన్నారు.

"మీరు దొరల ఇంటివాళ్ళు కదండీ ఆంటీ, మీ చెవి తప్పదు. అటు తిరిగి కూర్చోండి, రెండూ పెడతాం" అన్నాడు కాకినాడ అబ్బాయి.

రెండేళ్ళుగా నాకు సరిగా వినపడదు. ఎదురుగా ఉంటే పెదవులు చూసి మాట పట్టుకుంటాను. మా అమ్మాయి కొనిచ్చిన చెవి మిషన్లు నా బీరువాలో పెట్టెతో సహా అలాగే ఉన్నాయి. అయినా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వీపు ఆనించలేదు. మొదటిది గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు వచ్చింది. రెండోదానికి కళ్ళు మూసుకుని, వేలితో తాళం వేస్తూ, చాలినంతసేపు అయిందనుకున్నాక అన్నాను.

"మొదటిదే మేలు. ఇందులో ప్రాణం లేదు."

వెనక్కి తిరిగాను. ఇద్దరూ నిలబడి ఉన్నారు. కడప అబ్బాయి చేతిలో ఒక వైరు వేలాడుతోంది. రెండో పాట అసలు మొదలే కాలేదని, వాళ్ళు అంతసేపూ ఆ వైరుతో కుస్తీ పడుతున్నారని తర్వాత అతనే చెప్పాడు. కాకినాడ అబ్బాయి నోరు తెరిచాడు, నవ్వు వస్తోంది.

"నువ్వు గమ్మునుండ్రా" అన్నాడు కడప అబ్బాయి. నా వైపు తిరిగి, "వైరు నేనే సరిగా పెట్టలేదు మా. తప్పు నాదే. అందుకే అట్లా వచ్చింది" అన్నాడు.

అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ మాట విన్నాను. విన్నానని అనకూడదు, అతని పెదవుల మీద చూశాను. నా గొంతులోకి వచ్చిన మొదటి మాట తాతయ్యదే. పని రాకపోతే ఎందుకు పిలిచావని. అది నాలుక దాకా వచ్చింది. అంత సులువుగా వస్తుందని నాకు తెలియదు. ఆస్తిలో నాకు మిగిలింది అదొక్కటేనేమో.

ఆ మాట మింగాను. "నీ తప్పేం లేదు నాయనా. నాకు వినపడటం లేదు" అన్నాను. ఆ సంగతి ఎవరితోనైనా చెప్పడం అదే మొదటిసారి.

తర్వాత కాకినాడ అబ్బాయే అన్నాడు, "మిషన్ పెట్టుకోండి ఆంటీ. అది కూడా డిజిటలే, మీరు మా పార్టీలోకి వచ్చేస్తారు" అని. కడప అబ్బాయి వాడి వీపు మీద ఒకటి వేశాడు. నాకు నవ్వు వచ్చింది కాబోలు, ఇద్దరూ నవ్వారు. కడప అబ్బాయి నా కుర్చీ స్పీకరు దగ్గరకు జరిపి, నా అరచేయి దాని చెక్క మీద పెట్టించి, ప్లేటు మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. పాట వేళ్ళలోకి వచ్చింది. ప్లేటు గొప్పదా, ఫోను గొప్పదా అంటే నాకు తెలియదు, ఇక చెప్పను కూడా.

నేను ఆ అబ్బాయితో అన్న మాట, ఆ రోజు మా హాలులో తాతయ్య అనవలసింది. ఆయన అనలేకపోయారు. గేటు దగ్గర చాచాతో, వెనక్కి రండి, తప్పు నాదని చెబుతానని నేను అనవలసింది, నేనూ అనలేదు. చాచా ఎర్రమట్టి బాటలో వెళ్ళిపోవడం నాతో ఇన్నేళ్ళూ ఉంది, ఇకముందూ ఉంటుంది. ఒక్క సంగతి మాత్రం తాతయ్యకు చెప్పాలని ఉంది. నాకు వినపడదని చెప్పినప్పుడు కూడా నా వీపు కుర్చీకి ఆనలేదు.