ఐదు తూటాల మాగ్నమ్

శనివారం తెల్లారితే నాకు ఇప్పటికీ ఆయన ట్రక్కు హారన్ వినాలనిపిస్తుంది. డెబ్భైల చివర అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో, కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరుగా చేరిన కొత్తలో నాకు దొరికిన ఒకే ఒక స్నేహితుడాయన. మా టూల్ రూమ్‌లో ముసలి మెషినిస్టు. భార్య పోయింది, కూతురు ఎక్కడో ఆరిజోనాలో. శనివారం పొద్దున్నే నన్ను ట్రక్కు ఎక్కించుకుని తుపాకీ గురి సాధన చేసే షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లేవాడు.

ఆయన దగ్గర రెండు మాగ్నమ్ రివాల్వర్లుండేవి. రెండూ ఒకే కంపెనీవి. ఒకటి పాత డిజైన్, రెండోది కొత్తది. పాతది మొదటిసారి నా చేతిలో పెట్టగానే అలవాటు కొద్దీ కళ్లకద్దుకున్నాను. ఆయన కంగారుపడి, "కంట్లో ఏమైనా పడిందా?" అన్నాడు. దసరాకి మావాళ్లు లేత్ మెషిన్‌కి కూడా బొట్టు పెడతారని చెబితే కాసేపు ఆలోచించి, "మంచి పద్ధతే" అన్నాడు.

ఆ రోజే ఒక తప్పు చేశాను. తూటాలకి ఆరు గదులున్నాయి కదా అని ఆరూ నింపేశాను. ఆయన చటుక్కున నా చేతిలోంచి తీసేసుకున్నాడు. పాతదాంట్లో, తూటాని కొట్టి పేల్చే హ్యామర్ నేరుగా తూటా వెనకే ఆనుకుని ఉంటుందట. పొరపాటున కిందపడితే పేలొచ్చు. అందుకే హ్యామర్ కింద గది ఖాళీగా వదిలి ఐదే నింపాలి. కొత్తదాంట్లో ఆ బాధ లేదు. ట్రిగ్గర్ నొక్కితేనే మధ్యలో చిన్న ఉక్కు పలక ఒకటి లేచి హ్యామర్ దెబ్బను అందిస్తుంది. కిందపడ్డా పేలదు, ఆరూ నింపుకోవచ్చు.

ఇక చూస్కోండి, నాలోని ఇంజనీరు ఒంటికాలి మీద లేచాడు. ఇంత చక్కటి డిజైన్ వచ్చాక ఇంకా ఆ పాత చింతకాయ పచ్చడి ఎందుకండీ అని ప్రతి శనివారం వాదించేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. "ఐదింటితో కొట్టలేనివాడికి ఆరోది ఎందుకు?"

పాతవాటికి ఆ తుపాకీ కంపెనీవాళ్లే ఉచితంగా కొత్త భాగాలు వేసిస్తామన్నారు. ఆయన ససేమిరా అన్నాడు. ఆ పాతదాని హ్యామర్ వెనక్కి లాగితే నాలుగుసార్లు టిక్కుమనేది. "నేను దీన్ని శుభ్రం చేస్తుంటే, మా ఆవిడ వంటింట్లోంచి నాలుగూ పైకి లెక్కపెట్టేది. కొత్త భాగాలు వేస్తే ఆ చప్పుడు పోతుంది" అన్నాడు. ఆ తరవాత కూడా నేను వాదించాను. నోరు ఊరుకుంటేనా!

తరవాత మా ఆవిడ వచ్చింది. పాప పుట్టింది. నా శనివారాలు కిరాణా కొట్లకీ, తెలుగువాళ్ల పాట్‌లక్ విందులకీ పోయాయి. ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు లంచ్‌లో, "నేను కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాను. కొత్తది అమ్మేశాను. పాతది నువ్వు తీసుకో. దాని సంగతి తెలిసినవాడివి" అన్నాడు.

తీసుకోవాలని ప్రాణం లాగింది. కానీ మనవాళ్లెవరైనా ఇంటికొచ్చి చూస్తే? తుపాకీ పెట్టుకున్నాడట అని ఊరంతా టాంటాం వేస్తే? "ఇంట్లో పసిపిల్ల ఉంది. అది కిందపడితే పేలే రకం కదండీ" అన్నాను. నా పాత వాదననే అడ్డం పెట్టుకున్నాను. ఆయన తలూపాడు.

రెండు నెలల తరవాత నన్ను ఇంటికి పిలిచి రివాల్వర్ పెట్టె తెరిచాడు. ఖాళీదని చూపించి, వణికే చేతులతో హ్యామర్ వెనక్కి లాగాడు. ఆ నాలుగు చప్పుళ్లు లేవు. "కంపెనీకి పంపించాను. ఇప్పుడు కిందపడ్డా పేలదు. మీ పాపకేం భయం లేదు" అన్నాడు. తీసేసిన పాత భాగాలు పక్కన ఒక చిన్న ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. వాటికేసి ఆయన చూడలేదు, నేనే చూశాను.

అప్పుడైనా చెయ్యి చాపాల్సింది. చాపలేదు. "మా ఆవిడ ఒప్పుకోవట్లేదండీ" అన్నాను.

ఆయన పెట్టె మూశాడు. "ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టాను. నా తరఫున సారీ చెప్పు" అన్నాడు.

ఆ వారమే ఆరిజోనా వెళ్లిపోయాడు. మళ్లీ చూడలేదు. ఎన్ని శనివారాలు ఆ మనిషి కావాలనిపించిందో నాకే తెలుసు. ఆ సారీ మాత్రం మా ఆవిడకి ఈ రోజు వరకు చెప్పలేదు. చెప్పాలంటే, ఆవిణ్ణి అసలు అడగనే లేదని ముందు చెప్పాలి.