మ్యాపులో మా బిస్సీ

ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నా కాళ్ళతో నడిచి వెళ్ళాను, నా చెవులతో విన్నాను. బైబిలు మీద చెయ్యి పెట్టమంటే ఇప్పుడే పెడతాను. నవ్వాలనిపిస్తే ముందే నవ్వేయండి... మధ్యలో మాత్రం నవ్వకండి. నాకు మండుతుంది.

మాది భివండీలో కనేరి పేట. నా భార్య రూతు అక్కడ బిస్సీ నడిపేది. బిస్సీ అంటే సాంచాల మీద, అదే పవర్‌లూమ్‌ల మీద, పనిచేసే మన తెలుగువాళ్ళకు రెండు పూటలా అన్నం పెట్టే మెస్సు. ఒకప్పుడు నలభై మంది తినేవారు. రూతు పచ్చిపులుసు చేసిందంటే గిన్నె అడుగు గీకి మరీ పోసుకునేవారు. తర్వాత సాంచాలు ఒక్కొక్కటే తుక్కు కింద అమ్ముడుపోయాయి. మనుషులు కొందరు సూరత్, కొందరు సిరిసిల్ల వెళ్ళిపోయారు. చివరికి తొమ్మిది మంది మిగిలారు.

ఒక రోజు రూతు గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండానే అంది.

"గీ తొమ్మిది మందికి పొయ్యి ఎందుకు ముట్టియ్యాలె? ఈస్టర్ దాక సూస్త. గిరాకి రాకుంటే పిల్లల్ని తీస్కొని సిరిసిల్ల పోత. మా అన్న ఇంటికాడ బీడీలు చుట్టుకుంట బతుకుత. నువ్వు వస్తవో, ఈడనే ఉంటవో నీ ఇష్టం."

రూతు ఊరికే బెదిరించే మనిషి కాదు. అన్నదంటే చేస్తుంది. పిల్లలు లేని ఇంట్లో నేనొక్కణ్ణీ ఎలా ఉండాలి?

నేను ఊరి బయట పూర్ణలో ఒక గోదాములో కంప్యూటర్ ఆపరేటర్ని. ఫోన్లలో ఇంకా మ్యాపులు రాని రోజులవి. మా ఆఫీసుకు అప్పుడే ఇంటర్నెట్ వచ్చింది. నా పక్క కుర్చీలో కూర్చునే శిందే ఒక రోజు తెర మీద భివండీని పైనుంచి చూపించాడు. ఆకాశం నుంచి తీసిన ఫోటో. రోడ్లు, గోదాములు, షెడ్ల కప్పులు... అన్నీ ఉన్నాయి. ఎవరి దుకాణానికి వాళ్ళే అందులో గుర్తు పెట్టుకోవచ్చట.

"అరే ప్రకాశ్ భాయ్, భాభీ కా మెస్ డాల్ దే ఇస్ మే," అన్నాడు. వదిన మెస్సు ఇందులో పెట్టెయ్, గిరాకీ దానంతట అదే వస్తుంది అని.

పెట్టాను. కనేరి దాకా జరిపి మా కప్పు కోసం వెతికాను. పైనుంచి చూస్తే అన్నీ తుప్పు రేకులే, ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? అంతకు ముందటి వానాకాలంలో మా రేకుల మీద నీలం ప్లాస్టిక్ కప్పాను. ఫోటోలో ఒక నీలం మచ్చ కనిపించింది. మాదే అనుకొని గుర్తు అక్కడ గుచ్చాను. 'రూతు తెలుగు బిస్సీ' అని పేరు రాశాను. ఫోన్ నంబరు, వేళలు, ఏ రోజు ఏ కూర... ఒక్క గడి కూడా ఖాళీగా వదల్లేదు. అన్నీ నింపితేనే వెతికేవాళ్ళకు మన పేరు పైన వస్తుందని శిందే చెప్పాడు. తిన్నవాళ్ళు మంచి మాటలు రాస్తే ఇంకా పైకి వస్తుందట. ఆఫీసులో నలుగురిని బతిమాలి రాయించాను.

పది రోజులకు 'భివండీ తెలుగు భోజనం' అని కొడితే మాదే మొదట వచ్చింది! సంతోషంతో ఎగిరి గంతేశాను. ఆ పేజీని దారితో సహా అచ్చు తీసి, గోదాముకు సరుకు తెచ్చే మన తెలుగు డ్రైవర్లందరికీ పంచాను. పక్క గోదాముల గుమస్తాలు కూడా వాళ్ళ డ్రైవర్లకు అచ్చు తీసి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఒక వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. బిస్సీకి కొత్త మనిషి ఒక్కడూ రాలేదు.

కానీ ఫోన్లు వచ్చాయి.

"అక్కా, రాత్రి పచ్చిపులుసు మస్తుండె. ఇయ్యాల గూడ జెర ఉంచు," అని ఒకడు. "అక్కా, నిన్న నా తువ్వాల ఆడనే మర్సిపోయిన," అని ఇంకొకడు. రూతు మొదట నవ్వింది. రాంగ్ నంబరని పెట్టేసింది. మూడోవాడు "రూతక్కనేనా?" అని అడిగాడు. ఆ తర్వాత ఆమె నవ్వలేదు.

ఆఫీసులో పేజీ తెరిచి చూశాను. నేను రాయించిన మాటలు నాలుగు. అక్కడ పదకొండు ఉన్నాయి. చివరిది ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. 'రాత్రి రెండు గంటలకు పోయినా వేడన్నం పెట్టింది. మా అమ్మ యాదికొచ్చింది.'

మేం రాత్రి పదింటికే తలుపు వేసేస్తాం.

మరుసటి రోజు మల్లేశ్ అనే జగిత్యాల డ్రైవర్ లోడు దించడానికి వచ్చాడు. మొదటి కాగితాల్లో ఒకటి వాడికే ఇచ్చాను. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, వదిన వంటకు దండం పెట్టాలె. రెండు సార్లు తిన్న."

"యాడ తిన్నవ్‌రా?"

"గదేంది, నీ కాయిదంల ఉన్నకాడనే. షట్టర్ సగం లేపి ఉంటది గద, వంగి లోపటికి పోయిన. కరెంట్ లేకుండె. చిమ్ని దీపం పెట్టింది. వదిన ఎక్వ మాట్లాడది. మొఖం గూడ సరిగ కానరాలె."

మా బిస్సీకి షట్టర్ లేదు. చెక్క తలుపు.

వాడు వెళ్ళాక మ్యాపు మళ్ళీ తెరిచాను. నాకా నుంచి, అంటే మా వీధి మొదట్లోని కూడలి నుంచి, కప్పులు వేలితో లెక్కపెట్టాను. మాది నాలుగో వరస. గుర్తు ఉన్నది ఐదో వరసలో. ఆ ఫోటో పాతది, నేను ప్లాస్టిక్ కప్పకముందు తీసింది. ఆ నీలం మచ్చ మా వెనక గల్లీలోని షెడ్డుది. మా పెళ్ళికి ముందు నుంచీ దానికి తాళమే. ఆ గల్లీ మొదట్లో చాయ్ అమ్మే ముసలాయనను అడిగాను. లోపల సాంచాలే ఉండేవట. బిస్సీ ఎన్నడూ లేదట.

గుర్తును జరిపాను. 'పరిశీలించి మారుస్తాం' అని వచ్చింది. మారలేదు. మొత్తం చెరిపేయమని పెట్టాను. మళ్ళీ అదే మాట. రోజూ పెట్టాను... రోజూ అదే. మునిసిపాలిటీ అయితే ఏ గుమస్తా కాళ్ళో పట్టుకోవచ్చు. దీనికి ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? కిటికీ లేదు, కుర్చీ లేదు, మనిషి లేడు. నేనే పైకి తెచ్చాను, నేనే దింపలేకపోయాను.

మల్లేశ్ మళ్ళీ వచ్చినప్పుడు, రాత్రికి నన్ను కూడా తీసుకుపొమ్మన్నాను. ఇంటికి వచ్చి చెబితే రూతు కొంగు బిగించింది.

"నేను గూడ వస్త. నా పేరు మీద అన్నం పెట్టేది ఎవలో సూడాలె."

పదకొండు దాటాక ముగ్గురం బయలుదేరాం. వెనక గల్లీ మలుపు తిరిగామో లేదో... కరెంటు పోయింది.

భివండీలో ఉండనివాళ్ళకు ఇది అర్థం కాదు. మాకు సాంచాల చప్పుడు వినిపించదు, అలవాటైపోయింది. అది ఆగితే వినిపిస్తుంది. ఊరంతా ఒక్కసారి ఆగింది. మోరీలో నీళ్ళ చప్పుడు... ఎక్కడో కుక్క గోళ్ళు రాయి మీద గీరుకున్న చప్పుడు... నా ఊపిరి.

టార్చి వేశాను. షట్టర్ కింది దాకా దిగి ఉంది. తాళం తుప్పు పట్టి, దాని మీద సాలెగూడు.

"అగో, చిమ్ని ఎలుగుతున్నది. రా అన్నా," అన్నాడు మల్లేశ్.

నాకు ఏ వెలుగూ కనిపించలేదు. టార్చి మిణుకు మిణుకుమని... ఆరిపోయింది. అరచేత్తో కొట్టాను. వెలగలేదు.

అప్పుడు విన్నాను. షట్టర్ లేచిన చప్పుడు. కర్... ర్... ర్... సగం దాకా. మల్లేశ్ వంగితే మోకాలు టక్కుమంది. తర్వాత వాసన వచ్చింది. కాల్చిన ఉల్లిగడ్డ, చింతపండు. తర్వాత పళ్ళెం నేల మీద పెట్టారు. నీళ్ళు పోశారు. ఒక్కొక్కటే... తొందర లేకుండా...

రూతు నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగాయి.

లోపలి నుంచి మెల్లగా ఒక ఆడగొంతు అంది.

"ఇంకింత ఏస్తనా?"

అది రూతు గొంతు. తినేవాళ్ళను రూతు అడిగే తీరు, ఆ సాగదీత, అంతా అదే. రూతు నా పక్కనే ఉంది. నేను చీకట్లో చెయ్యి చాపి ఆమె నోరు తడిమాను. పెదవులు గట్టిగా మూసి ఉన్నాయి. చెంపలు తడిగా ఉన్నాయి.

ఎంతసేపో తెలియదు. రెండు నిమిషాలో, అరగంటో. ఒక్కసారిగా కరెంటు వచ్చింది. ఊరంతా సాంచాలు ఒక్కపెట్టున ఖట్ ఖట్ ఖట్... స్తంభం మీద బల్బు వెలిగింది. షట్టర్ కింది దాకా దిగి ఉంది. తాళం అలాగే ఉంది, సాలెగూడు కూడా. దాని ముందు నిలబడి మల్లేశ్ తడి చెయ్యి లుంగీకి తుడుచుకుంటున్నాడు.

రూతును చూసి బిత్తరపోయాడు. "ఇప్పుడే లోపట అన్నం పెట్టినవ్ గద, గింతల బయటికెట్ల వచ్చినవ్ వదినా?" అన్నాడు. మళ్ళీ వాడే నవ్వి, "ఏమనుకోకు, ఇయ్యాల పులుసుల ఉప్పు పడలె," అన్నాడు.

ఇంటికి వచ్చి గడప దాటాక రూతు కింద కూలబడింది.

"నేను ఇయ్యాల ఉప్పు ఏసుడు మర్సిపోయిన. పొద్దుగాల పిల్లలు గూడ అన్నరు," అంది. "నేను ఈడ వండుతుంటే అది ఆడ పెడ్తున్నది. ఇగ నేను వండ."

ఈస్టర్ దాకా కూడా ఆగలేదు. ఆ వారమే పొయ్యి ఆర్పేసింది. పిల్లలను తీసుకుని సిరిసిల్ల బస్సెక్కింది. నన్ను కూడా రమ్మంది. అక్కడ నాకు కంప్యూటర్ పని ఎవరిస్తారు? ఉండిపొమ్మని నేను బతిమాలలేదు. ఏ ముఖం పెట్టుకుని బతిమాలాలి? గుర్తు గుచ్చింది నేనే కదా.

పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. ఇప్పటికీ మొదట వచ్చేది అదే. కొత్త మాటలు చేరుతూనే ఉన్నాయి. అదేమిటో నాకు తెలియదు. దయ్యమని పాస్టరు గారన్నారు. మల్లేశ్ మందు కొట్టి ఉంటాడని శిందే అన్నాడు. మరి మేమిద్దరం ఏం కొట్టామని?

ఇంకొక్క మాట చెబుతాను, మీలోనే ఉంచుకోండి. పోయిన నెల డ్యూటీ నుంచి వస్తుంటే కరెంటు పోయింది. నా కాళ్ళు వాటంతట అవే వెనక గల్లీలోకి తిరిగాయి. భయం వేయలేదు. పొద్దుటి నుంచి ఒక్క వడాపావ్ తప్ప ఏమీ తినలేదు. షట్టర్ ముందు నిలబడ్డాను. చాలాసేపు... చాలాసేపు నిలబడ్డాను. లోపల ఎవరో ఒక్క పళ్ళెం నేల మీద పెట్టారు.

"గింత ఆలస్యమాయెనేంది?" అంది రూతు గొంతు.

పరుగెత్తాను. నాకా దగ్గర ఆగి సిరిసిల్లకు ఫోన్ చేశాను. రూతు నిద్రలోంచి లేచింది.

"ఏందీ యాళ్ళప్పుడు? పానం మంచిగున్నదా?"

ఏమీ లేదన్నాను. ఊరికే చేశానన్నాను.

పిల్లలు నిద్రపోతున్నారంది. తర్వాత అడిగింది.

"తిన్నవా?"

ఫోన్ పెట్టేశాను.