శుక్రవారం సాయంత్రం గ్రీన్‌హౌస్‌లో

దెయ్యాల మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. కొత్త కారు కింద నిమ్మకాయలు పెట్టలేదని మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు. మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేసేదాన్ని, మైక్రోస్కోప్ కింద కనిపిస్తే తప్ప దేన్నీ నమ్మను. ఇది చదివి ఎవరైనా నవ్వుకుంటే వాళ్లతో నాకు పేచీ లేదు.

నేను పనిచేసే కాలేజీ పెన్సిల్వేనియాలో ఉంది. ఒకప్పుడు అది యూదు కుర్రాళ్ల వ్యవసాయ పాఠశాల. నగరాల్లో ఇరుకు గదుల్లో పెరిగిన పిల్లల్ని తెచ్చి, హాస్టల్లో పెట్టి, దున్నడం, పాలు పితకడం నేర్పేవారట. ఇప్పుడు అన్ని రకాలవాళ్లూ చదువుతున్నారు. ఆనాటి గ్రీన్‌హౌస్ ఒకటి ఇంకా వాడుకలో ఉంది.

అందులోనే నా టమాటా మొక్కలుండేవి. ఎండు తెగులును తట్టుకునే రకం కోసం ఏళ్ల తరబడి తంటాలు పడితే మిగిలినవి అవే. విత్తనం ఇంకా చేతికి రాలేదు. అవి పోతే నా చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆ శుక్రవారం పొద్దు గుంకింది. "స్నో స్టార్ట్ అయిందే, డ్రైవ్ చేయడం కష్టం, ఇక బయల్దేరు," అని మా ఆయన ఫోన్. కారు దగ్గరికి నడుస్తూ ఎందుకో గ్రీన్‌హౌస్ వైపు చూశాను. లోపల ఎవరో ఉన్నారు.

తాళం తీసి వెళ్లి, గాలికి తలుపు కొట్టుకోకుండా గడియ పెట్టాను. మొక్కల మధ్య ఒక కుర్రాడు. తెల్ల చొక్కా, తల మీద టోపీ, కోటు లేదు. అద్దాల మీద మంచు నెమ్మదిగా రాలుతోంది. ఆ నీలం వెలుగులో గదంతా నీళ్లలో మునిగినట్టుంది.

"ఇక్కడ చలిగా ఉంది," అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా.

నిజమే, హీటర్ ఆగిపోయింది. స్విచ్ అతని మోచేతి పక్కనే ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చేతులు లేవా, ఆన్ చేయొచ్చుగా అని కసిరాను. అతను చేతులు వెనక్కి కట్టుకుని, బతిమాలుతున్నట్టు మళ్లీ అదే మాట అన్నాడు.

నేనే వెళ్లి స్విచ్ వేశాను. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఉన్నది ఒక్కటే తలుపు, దానికి నేను పెట్టిన గడియ పెట్టినట్టే ఉంది.

ఎలాగో జారుకున్నాడనుకుని, సోమవారం మిరియం అనే యూదు ప్రొఫెసర్‌తో, ఎవడో స్టూడెంట్ పొగరు చూడండి అని ఫిర్యాదు చేశాను. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టేసింది. శుక్రవారం పొద్దు గుంకితే తమకు పవిత్రమైన విశ్రాంతి దినం మొదలవుతుందట, ఇక తమలో నిష్ఠగలవాళ్లు నిప్పు రాజేయరట, స్విచ్ ముట్టరట. పరాయివాళ్లను వేయమని అడగనూ కూడదట. చలిగా ఉందని మాత్రం అంటారట.

అమ్మ బాబోయ్! మడిలో ఉన్న మా నాయనమ్మ కూడా, వీధి తలుపు తెరిచే ఉందని గోడకి చెప్పేది. మేం పరిగెత్తి వేసేవాళ్లం. పాపం, ఆ పిల్లవాణ్ని చేతులు లేవా అన్నాను!

క్యాంపస్ అంతా వాకబు చేశాను. అలాంటి కుర్రాడు ఎవరికీ తెలీదు. తెల్లారేదాకా ఆ చలి అలాగే ఉంటే ఒక్క మొక్క కూడా దక్కేది కాదు. అన్నీ బతికాయి, వేసవికి విత్తనం చేతికొచ్చింది.

చలికాలం శుక్రవారాల్లో ఇప్పుడు పొద్దు ఉండగానే వెళ్లి హీటర్ వేసి వస్తున్నాను. అతనికి మళ్లీ ఆ మాట అనాల్సిన అవసరం రాకూడదని.