మామ కారు, లేతు మాస్టరు బిళ్ళ

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా ఆడబిడ్డ. జోగిపేట నుంచి మొదటి బస్సు పట్టుకొని బీరంగూడకు వచ్చి, కాళ్ళు గూడ కడుక్కోకుండ గడపలనే నిలబడి చెప్పింది.

"వదినే, డాక్టరమ్మ పోయింది. పోయేముందు నల్లకారు నాయిన పేరు మీద రాసిందట. ఆమె తమ్ముడు తాళంచెవులు మా ఇంటికి పంపిండు. ఇగో."

కొంగు ముడి విప్పి రెండు తాళంచెవులు నా చేతిల పెట్టింది. నేను అప్పుడే దేవుని ముందర దీపం పెట్టి లేస్తున్న. చేతులకు నూనె ఉండె. ఆ చేతులతోనే అందుకున్న. తర్వాత అనుకున్న, అది మంచిదే అయిందని.

మా మామ ముప్పై ఏండ్లకు పైగా జోగిపేటల డాక్టరమ్మ కారు డ్రైవరు. చుట్టూ ఊర్లల్ల కాన్పులకు ఆమెను తీసుకపోయింది, తీసుకొచ్చింది ఆయనే. ఆమె దవాఖాన మూసినంక మా దగ్గరికొచ్చి ఉంటున్నడు. కబురు విని మామ బావి కాడికి పోయి తల మీదికెల్లి నీళ్ళు పోసుకున్నడు, సొంత మనిషి పోయినట్టు. వచ్చినంక తాళంచెవులు అడిగి తీసుకున్నడు.

వారానికి కారు లారీ మీద వచ్చింది. గుండ్రటి మూతి, గుండ్రటి లైట్లు, పక్కలకు నిలబడేందుకు పొడుగు మెట్లు. విలాయతి బండి. ఎన్నేండ్ల సంది పాకల పడి ఉన్నదో, వెనుక సీటుల కోడి గుడ్లు పెట్టింది. మా ఇంటి వాకిట్ల దాన్ని దించినప్పుడు మా వాడ పిల్లలంత చేరిన్రు. నాకు బండ్ల సంగతి తెల్వదు. నేను బడికి పోలే. మా నాయిన ఇంట్ల పలక పట్టిచ్చి నేర్పిన అక్షరాలే నా చదువు. అయినా ఆ కారును చూస్తే, పని చేసి చేసి కూసున్న ముసలామెను చూసినట్టు అనిపించింది. మెట్టు మీద ఇంత పసుపు రాసిన.

ఆ సాయంత్రమే తండ్రీకొడుకులకు పంచాయితీ మొదలైంది.

"దీనికి జీపు ఇంజన్ వేద్దాం," అన్నడు మామ. "డీజిలుది. తుక్కు షాపుల మంచిది ఒకటి చూసొచ్చిన. టైర్లు గూడ వెడల్పువి వేద్దాం."

మా ఇంటాయన ఫ్యాక్టరీల ఫిట్టరు. చాయ్ గ్లాసు కింద పెట్టిండు. "జీపు ఇంజన్ పట్టాలంటే ముందటి చాసిస్ గ్యాసుతోని కోయాలె నాయినా. కోస్తే మళ్ళ అతుకది. గిసొంటి బండి ఇయ్యాల దొరుకుతదా? ఉన్నది ఉన్నట్టు చేద్దాం."

"ఉన్నది ఉన్నట్టు చేస్తే ఉన్నట్టే నడుస్తది. ముప్పై మైళ్ళు దాటదు. ఎడ్లబండోడు గూడ సైడు అడుగుతడు."

"డెబ్బై ఏండ్లకు నీకు స్పీడు ఎందుకే?"

"ఇరవై ఏండ్లోనికి ఇంక చాన టైముంటది. జల్దీ నాకే."

ఆ మాట హాస్యానికి అన్నది కాదు. ఆ ఎండకాలమే కండ్ల డాక్టరు చెప్పిండు: నీటికాసులు, చూపు పక్కల నుంచి తగ్గుతున్నది, దసరా దాటితే ఇగ బండి ముట్టద్దు అని. ఒక్కసారి, పొద్దుగాల, ఖాళీ బొంబాయి రోడ్డు మీద ఆ కారును ఉరికించాలె. మామకు మిగిలిన కోరిక అదొక్కటే. అది దసరా లోపల కావాలె.

కొడుకుకు చెప్పని మాట ఒకటి నాకు చెప్పిండు. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్న, ఆయన పక్కన కూసోని నార తీస్తున్నడు.

"బిడ్డా, దాన్ని పాడు చేసింది నేనే. వయసుల ఉన్నప్పుడు మెదక్ బస్సుతోని పందెం పెట్టుకున్న. బస్సును దాటిచ్చిన గని, బ్రేకు వేస్తే వెనుక డాక్టరమ్మ తల పోయి ముందటి సీటుకు తాకింది. ఆమె ఒక్క మాట అనలే. బండిని సర్వీసుకని పట్నం పంపింది. పది దినాలకు వచ్చింది. వచ్చినంక ఇగ ఉరకలే. అంతకుముందు గాలి లెక్క పోయేది. గా పందెంల ఇంజన్ దమ్ము తీసిన నేను. రోజూ పొద్దున దానికి మొక్కుకుంటనే నడిపిన, తప్పు చేసిన అని."

నేను, "దేవుడున్నడు మామా," అన్న. మామ, "ఉన్నడు గని ఆయనకు కార్బొరేటరు తెల్వది," అన్నడు.

రాత్రి ఆలోచించి పొద్దున ఇద్దరికీ ఒక మాట చెప్పిన. ముందు ఉన్నది ఉన్నట్టు చేయించి చూద్దాం. నడక మారకపోతే అప్పుడు చాసిస్ కోయిచ్చి జీపు ఇంజన్ వేద్దాం. ఏది చేసినా లేతు మాస్టరు చేతిల పెడదాం. ఆ పేరు చెప్తే ఇద్దరూ తల ఊపిన్రు.

లేతు మాస్టరు గోదావరి దిక్కు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడనే నిలబడ్డ మనిషి. మా ఆయన ఫ్యాక్టరీలనే టర్నరు. షిఫ్టు దిగినంక పటాన్‌చెరు రోడ్డు పక్కన రేకుల షెడ్డుల, ఇనుమును గిరగిర తిప్పి చెక్కే సొంత మిషను, లేతు మీద పని చేసేటోడు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నిట్ల విరిగిన, అరిగిన ముక్కలు ఆయన దగ్గరికే వచ్చేవి. ఆ పనికి ఒక పద్ధతి ఉంటది. పాత ముక్కను శాంపిల్ అంటరు. అది ఎట్లుంటే కొత్తది అట్లనే కావాలె. అది ఏ మిషనుది, ఎందుకు, ఎక్కడ పడుతది అని అడగరాదు. అడిగే టర్నరుకు రెండోసారి పని రాదు. మాస్టరు ఎన్నడూ అడగలేదు. వెంట్రుకవాసి తేడా లేకుండ దింపేటోడు. పని మొదలుపెట్టే ముందు లేతును తాకి కండ్లకద్దుకునేటోడు. అది చూసినప్పటి నుంచే నాకు ఆయన మీద గౌరవం. నేను పూజల కూసుంటే మనసు పదిచోట్లకు పోతది. ఆయన లేతు ముందర నిలబడితే ఎక్కడికీ పోయేది కాదు.

వానకాలమంత కారు ఆ షెడ్డులనే ఉన్నది. ఇంజన్ విప్పి ప్రతి ముక్క గోనెసంచి మీద వరుసగ పరిచిన్రు. అరిగిన పిన్నులు, బుష్షులు, తుప్పు పట్టిన బిళ్ళలు, ఒక్కొక్కటి కొత్తగ చేసిండు. మామ స్టూలు మీద కూసోని చూసేటోడు. సాయంత్రాలు నేను తినేందుకు ఏదన్న పట్టుకపోయేదాన్ని. ఒకనాడు సర్వపిండి చేసుకపోయిన. మాస్టరు చేతిలకు తీసుకొని అటూ ఇటూ తిప్పిండు.

"ఇదేంటి చెల్లెమ్మా, రొట్టెకి ఈ చిల్లులు?"

"నూనె పోయనీకి అన్నా. కింద గూడ కాలాలె కద."

"ఒక్కటీ ఒక సైజులో లేదు. ఒక్కటీ గుండ్రంగా లేదు. మా ఇన్‌స్పెక్షన్‌లో పెడితే మొత్తం రిజెక్టు."

మామ అన్నడు, "వేలు పెట్టి పొడిచింది గట్లనే ఉంటది మాస్టరు. నీ మిషను పెట్టి పొడిచిందా?"

"సరే, తినేటప్పుడు కొలతలు చూడనులెండి," అని ఇంకొకటి తీసుకున్నడు.

దసరాకు పదిహేను దినాలుందనంగ కారు తయారైంది. నల్లటి రంగు అద్దం లెక్క. ఇంజన్ స్టార్టు చేస్తే చప్పుడు ఎంత మెత్తగ ఉన్నదంటే, మా ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి నవ్విండు. మామ ఎక్కి, కొడుకును పక్కన కూసోబెట్టుకొని రోడ్డు మీదికి పోయిండు. అర్ధగంటకు వచ్చిండు. దిగి, తాళంచెవులు నా చేతిల పెట్టిండు.

"గదే నడక. ముప్పై దాటలే. తొక్కితే ఊపిరి ఆడనట్టు చేస్తది."

మా ఆయన తల దించుకున్నడు. మాట ఇచ్చినం కాబట్టి ఇగ మాట్లాడేది లేదు. గ్యాస్ కటింగ్ మనిషిని గురువారం రమ్మన్నరు. తుక్కు షాపోనికి జీపు ఇంజన్ పక్కన పెట్టమని చెప్పిన్రు. మామకు సంతోషమే కావాలె నిజానికి. కాని ఆ రాత్రి అన్నం సగమే తిన్నడు. కొత్త ఇంజన్ వస్తే బండి ఉరుకుతది, కాని తాను చెడగొట్టింది చెడిపోయినట్టే ఉంటది కద. అది నాకొక్కదానికే తెలుసు.

లేతు మాస్టరు మాత్రం ఒప్పుకోలేదు. "గురువారం దాకా టైము ఉంది. అన్ని ముక్కలూ సరిగ్గా దింపాను. సరిగ్గా దింపితే సరిగ్గా నడవాలి. ఎక్కడో నేనే తప్పాను," అన్నడు. ఎవరూ ఆయనను తప్పు పట్టలేదు. ఆయనే పట్టుకున్నడు.

బుధవారం సాయంత్రం మళ్ళ సర్వపిండి పట్టుకపోయిన. మాస్టరు పాత ముక్కలన్ని మళ్ళ గోనెసంచి మీద పరుచుకొని, కారు వెనుక కూసున్నడు. సర్వపిండి తుంచి నోట్ల పెట్టుకోబోయి ఆగిండు. రొట్టెలున్న చిల్లును చూసిండు. చేతి పిండి లుంగీకి తుడుచుకొని, గోనెసంచి మీదికెల్లి ఒక తుప్పు బిళ్ళ తీసిండు. అరచేయంత రేకుబిళ్ళ. కార్బొరేటరుకు ఇంజనుకు నడుమ ఉండేది. మధ్యల రూపాయి కన్న చిన్న రంధ్రం.

"చెల్లెమ్మా, ఇది గుండ్రంగా ఉందా?"

లేదు. కొద్దిగ ఒక పక్కకు వంకర ఉన్నది.

"శాంపిల్‌లో వంకరుందని, నేను కొత్త ఇత్తడి బిళ్ళలో కూడా అదే వంకర దింపాను. చాలా కష్టపడి దింపాను. కంపెనీ వాడు వంకర రంధ్రం ఎందుకు చేస్తాడని ఒక్కసారి కూడా అనుకోలేదు." దీపం దగ్గరికి జరుపుకొని అంచు చూసిండు. "ఇవిగో, ఆకురాయి గీతలు. మిగతా ముక్కలన్నిటి మీదా నంబరు అచ్చు ఉంది. దీనికి లేదు. ఇది ఈ బండితో పుట్టింది కాదు. ఎవరో చేత్తో చేసి పెట్టారు."

నేను పోయి మామను, మా ఆయనను పిలుచుకొచ్చిన. మాస్టరు లేచి నిలబడ్డడు. మా అందరి ముందర, చేతులు కట్టుకొని చెప్పిండు.

"పెద్దాయన గారూ, తప్పు నాది. బండికి గాలి పోయే దారిని ఎవరో ఈ బిళ్ళతో సగం మూశారు. నేను దాన్నే కొత్తగా, తళతళలాడేలా చేసి మళ్ళీ బిగించాను. మీ బండి గొంతు నేనే నొక్కాను."

మామ ఆ బిళ్ళను చేతిలకు తీసుకొని వేలితోని రంధ్రం చుట్టూ రాసిండు.

"డాక్టరమ్మ బండిని పది దినాలు పట్నంల ఉంచింది," అన్నడు మెల్లగ. "పది దినాలు. ఏం సర్వీసుకు గన్ని దినాలు పడతయి?" నవ్విండు. "నాకు చెప్పలే చూడు. చెబితే తెల్లారి తీసేసేటోన్ని. గది ఆమెకు తెలుసు."

"అంటే నువ్వు పాడు చేయలేదు మామా," అన్న నేను.

"చేయలే బిడ్డా," అన్నడు. కండ్లద్దాలు తీసి తువాలతోని తుడుచుకున్నడు. మా ఆయన ఏమీ అర్థం కాక నా దిక్కు చూసిండు. ఇంటికి పోయినంక చెప్పిన.

ఆ రాత్రే మాస్టరు కొత్త ఇత్తడి బిళ్ళను విప్పి పక్కకు పెట్టిండు. గ్యాస్ కటింగ్ మనిషి గురువారం వచ్చి, చాయ్ తాగి పోయిండు.

దసరానాడు తెల్లారుతుండంగ కారుకు బొట్లు పెట్టిన, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన. మామ స్టీరింగు కాడ, ఆయన పక్కన మా ఆయన, వెనుక నేను, లేతు మాస్టరు. బొంబాయి రోడ్డు మీద ఇంకా లారీలు మొదలు కాలేదు. పటాన్‌చెరు దాటినంక మామ తొక్కిండు. కారు ఒక్కసారి దమ్ము తీసుకున్నట్టు అయింది, ఇగ పోయింది. ముల్లు నలభై దాటింది, యాభై దాటింది. నేను కండ్లు మూసుకొని దేవుని పేరు చెప్పుకున్న. మాస్టరు మాత్రం చెవి పక్కకు వంచి ఇంజన్ చప్పుడు వింటున్నడు, పాట వింటున్నట్టు. ముందర ఒక బస్సు పోతుండె. మామ హారన్ కొట్టి, దాన్ని దాటిచ్చి, అద్దంల వెనుకకు చూసిండు. నా తల ముందటి సీటుకు తాకలేదు.

సంగారెడ్డి చౌరస్తా కాడ ఆపి దిగిండు. తాళంచెవులు కొడుకు చేతిల పెట్టిండు. "ఇగ నువ్వు నడుపు," అని వెనుకకు వచ్చి, డాక్టరమ్మ కూసునే మూలకు కూసున్నడు. మళ్ళ ఎన్నడూ స్టీరింగు ముట్టలేదు. కారు కదిలినంక కొడుకు భుజం మీద తట్టి అన్నడు, "మెల్లగ పోనియ్."

మామ వెళ్ళిపోయి చాలా ఏండ్లయింది. కారు ఉన్నది, ఎక్కడా కోయకుండ, పుట్టినప్పుడు ఎట్లుండెనో గట్లనే. ఆ ఇత్తడి బిళ్ళ మా దేవుని అర్ర గూట్ల ఉన్నది. దానికి గూడ పండుగనాడు బొట్టు పెడుత. లేతు మాస్టరు రిటైరయి గోదావరి ఒడ్డుకు పోయి, అక్కడనే కన్నుమూసిండని కబురు వచ్చింది. ఆయన ఫోటో మా దగ్గర ఒక్కటి గూడ లేదు.

ఇది చదివిన మీరు దీపం పెట్టేటప్పుడు ఆయనను ఒక్కసారి తలుచుకోండి. పేరు తెల్వకపోయినా పరవాలేదు. ఎవరూ తప్పు పట్టకముందే తన తప్పును తానే వెతుక్కున్న లేతు మాస్టరు అనుకోండి. వినాల్సినాయనకు తెలుస్తది.