నాలుగో సిలిండరులో తాడు లేదు

గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. కొట్లో పుట్టి కొట్లో పెరిగినవాడిని... ప్లాస్టిక్ బకెట్టు మన్నిక గురించి నేను చెప్పే మాటలు మీరు నమ్మకపోయినా ఏం అనుకోను. ఇది మాత్రం నమ్మండి. ఇది జరిగింది. నా కళ్ల ముందే జరిగింది. కోటబొమ్మాళిలో, మా అక్క ఇంటి పెరట్లో, రేకుల షెడ్డు కింద.

మా బావ మెకానిక్. ఆయనకో పాత అంబాసిడర్ ఉంది. కిందటేడు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. కుడి చెయ్యి మాత్రం పడిపోయింది. వేలు కదలదు. గిల్లినా తెలియదు. శ్రీకాకుళంలో చేతికి కసరత్తు చేయించే డాక్టరమ్మ ఉందంటే, ఆయన మొండికేశాడు.

"ఎల్తే నా బండిలోనే ఎల్తాను. అదేమో పొగ కక్కతన్నాది. మెకానిక్ బండి సూడండ్రా అని ఊరంతా నవ్వతాది."

"ఆటోలో పోదాం బావా."

"నువ్వెల్లు ఆటోలో. బకెట్లు ఏసుకుని."

అక్క నన్ను వంటింట్లోకి లాగింది. "తమ్ముడూ, ఎవుడికైనా ఏటైనా అంటగడతావు గదా. మీ బావకి ఈ ఒక్కటీ అంటగట్టరా. ఆ సెయ్యి అలాగే ఎండిపోతాదని బయ్యంగా ఉన్నాది."

సరే, బేరంలోకి దిగాను. "బావా, పొగ నేను మాన్పిస్తాను. తెల్లారి నువ్వు బండెక్కాలి."

"నువ్వా? స్క్రూడ్రైవర్ ఏ పక్క పట్టుకోవాలో తెల్సేటి నీకు?"

"నోరు నీది, చేతులు నావి."

"కొట్టోడివి. సేతులు అరువిచ్చినా వడ్డీ అడగతావు." చాన్నాళ్లకు నవ్వాడు. ఎడమ చెయ్యి చాచాడు. బేరం కుదిరింది.

రోగం చిన్నదే. సిలిండరుకు రెండేసి వాల్వులు, వాటి కాడలకు రబ్బరు సీళ్లు. సీళ్లు ఎండిపోతే ఆయిల్ లోపలికి కారి కాలుతుంది. అదే పొగ. సీలు మార్చాలంటే స్ప్రింగు తియ్యాలి. తీస్తే వాల్వుకు పట్టుండదు, జారి సిలిండరులో పడిపోతుంది. పడిందా... ఇంజను మొత్తం విప్పాల్సిందే. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడం మళ్లీ మూలన పడుతుంది.

దానికి బావ దగ్గరో కిటుకుంది. ప్లగ్గు తీసిన కన్నంలోంచి తాడు కూరాలి. బండి ముందు హ్యాండిల్ తిప్పితే పిస్టను పైకొచ్చి, తాడును వాల్వులకు అదిమి పెడుతుంది. కింద ఎవరో చెయ్యి పెట్టి పట్టుకున్నట్టు.

"ముందు తాడు ఎట్టు. ఆ తరవాతే స్ప్రింగు ముట్టుకో. ఇనపడిందా?" ప్రతి సిలిండరుకూ ఇదే పాట.

తాడు నా కొట్లోదే, బట్టలు ఆరేసుకునే నైలాను తాడు. మూడు సిలిండర్లు అయ్యేసరికి అక్క లోపల నిద్రపోయింది. బావ కుర్చీలోనే తల వాల్చేశాడు. కుడి చెయ్యి కుర్చీ చేతి మీద... ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా పడి ఉంది.

మూడోదానిలోంచి తాడు లాగాను. చెమట తుడుచుకున్నాను. నాలుగోదాని పని మొదలుపెట్టాను.

స్ప్రింగు నొక్కాను. స్ప్రింగును బిగించి ఉంచే చిన్న లాకులు ఊడొచ్చాయి, పళ్లెంలో వేశాను. స్ప్రింగు తీసి పక్కన పెట్టాను. పాత సీలు లాగాను... గట్టిపడి గోరులా ఉంది. కాడ కొన రెండు వేళ్లతో పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు కోసం మెడ తడుముకున్నాను.

తువ్వాలు కాదు... తాడు.

తాడు నా మెడలో ఉంది.

లోపల తాడు లేదు. హ్యాండిల్ తిప్పలేదు. పిస్టను ఎక్కడో అడుగున ఉంది. వాల్వు కింద... ఏమీ లేదు. నా రెండు వేళ్లు తప్ప. వాటికేమో ఆయిల్. జారుతున్నాయి.

బావా అని పిలుద్దామనుకున్నాను.

అప్పుడే గూడ్సు వచ్చింది. మా అక్క ఇంటికి పట్టాలు దగ్గర. నేల అదిరింది... రేకులు గలగల... పళ్లెంలో లాకులు టకటకటక... వేళ్లు పూర్తిగా జారిపోయాయి.

వాల్వు పడలేదు.

పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. బల్బు ఊగుతోంది. వాల్వు కాడ మాత్రం నిలబడే ఉంది.

గూడ్సు వెళ్లిపోయింది. చప్పుడంతా ఆగిపోయింది. ఎందుకు చేశానో తెలియదు... కాడ కొన మీద వేలు పెట్టి మెల్లగా నొక్కాను. దిగింది. వెంట్రుకంత... ఇంకాస్త... వేలు తీసేశాను.

అది మెల్లగా పైకి లేచింది.

వెనక కుర్చీ కిర్రుమంది. తిరిగి చూశాను. బావ కళ్లు మూసుకునే ఉన్నాయి. గురక కూడా వస్తోంది. కానీ ఆ కుడి చెయ్యి... పిడికిలి బిగిసి ఉంది. బొటనవేలు పైకి లేచి ఉంది. వణుకుతోంది. కింద నుంచి ఏదో మోస్తున్నట్టు.

నేను మళ్లీ వెనక్కి చూడలేదు. ఇంజను వైపే చూస్తూ, గొంతులో గొణిగాను. జీవితంలో అంత దీనంగా ఎవరితోనూ బేరమాడలేదు. "పట్టుకో... ఒక్క నిమిషం... నీకు పుణ్యం ఉంటుంది, పట్టుకో..."

కొత్త సీలు దించాను. స్ప్రింగు పెట్టాను. నొక్కాను. ఒక లాకు... రెండో లాకు జారి, మళ్లీ దొరికి... కూర్చుంది.

టిక్.

వెనక పెద్ద ఊపిరి. కుర్చీ చేతి మీద ఏదో దబ్బున పడిన చప్పుడు.

మిగిలిన వాల్వుకు తాడు పెట్టే చేశాను. ఎన్నిసార్లు లాగి చూసుకున్నానో అడక్కండి.

తెల్లారి నేను స్టీరింగు ముందు కూర్చున్నాను, బండి స్టార్టయింది. పొగ లేదు. అక్క దండం పెట్టింది... బండికో, నాకో తెలియదు. దారంతా బావ వెనక్కి తిరిగి పొగ కోసం చూస్తూనే ఉన్నాడు, ఉంటే బాగుణ్ణన్నట్టు.

డాక్టరమ్మ ఆ చేతిని తిప్పింది, ఎత్తింది, వేళ్లు ఒక్కొక్కటీ కదపమంది. ఏదీ కదల్లేదు. చివరికి బొటనవేలి మొదట్లో నొక్కింది.

"అబ్బా!" అన్నాడు బావ.

"నొప్పి తెలుస్తోందా? బరువేమైనా ఎత్తారా?" అందావిడ.

"ఈ సేత్తోనా అమ్మా? గలాసు కూడా ఎత్తనేను." అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నొప్పి వచ్చినందుకు ఏడ్చి సంతోషపడిన మనిషిని అప్పుడే చూశాను.

తరవాత విజయనగరంలో ఇంకో మెకానిక్‌ని అడిగాను. మసి పట్టి వాల్వు బిగుసుకుని ఉంటుందన్నాడు. అయ్యుండొచ్చు. మరి బిగుసుకున్నది దిగి మళ్లీ పైకెలా లేచిందంటే, నాకేసి ఓసారి చూసి టీ తాగమన్నాడు. ఆ చేతి సంగతి అతనికి చెప్పలేదు. నాకే అనుమానం... నిద్రలేని కళ్లు, ఊగే బల్బు.

కానీ ఆ రోజు తిరిగొస్తుంటే ఒక మాటయింది. అక్క వెనక సీట్లో కునుకు తీస్తోంది. బావ ఎడమ చేత్తో ఆ బొటనవేలు రుద్దుకుంటూ, రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఒరే. నాలుగోదానికి తాడు ఎట్టావా?"

ఎంతమందికి కన్నార్పకుండా ఎన్ని చెప్పి ఉంటాను! "ఎట్టాను బావా" అన్నాను.

వేలు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"మరి రాత్రి కలలో 'పట్టుకో, పట్టుకో' అని నన్ను బతిమాలింది ఎవుడ్రా?"

నేను గేరు మార్చాను.