పింగాణీ మీద బొట్టు

2023లో దసరా వెళ్లిన వారం. తాడేపల్లిగూడెంలో నాకో చిన్న వర్క్‌షాపు ఉంది. కాలేజీ ల్యాబులకు హై వోల్టేజ్ పవర్ సప్లైలు, అంటే మామూలు కరెంటును వేల వోల్టులకు పెంచి ఇచ్చే పెట్టెలు, తయారుచేసి టెస్టు చేసి ఇస్తుంటాను. ఆకివీడు వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఎస్తేరు మేడం ఫోన్ చేశారు. ఆగస్టులో నేనిచ్చిన పెట్టె, వోల్టేజ్ సగం పెంచేలోపే ట్రిప్ అయిపోతోందట. తనంతట తనే ఆగిపోవడాన్ని మేం ట్రిప్ అంటాం.

ఆ పెట్టె స్పార్క్ చాంబర్ కోసం. వరసగా పేర్చిన అల్యూమినియం పలకలు, మధ్యలో గ్యాసు. ఆకాశం నుంచి నిత్యం మన మీద కురిసే కణాల్లో ఒకటి దానిలోంచి దూసుకుపోతే, ఆ దారి పొడవునా పలకల మధ్య మెరుపులు కనిపిస్తాయి. ఆవిడా, ఫైనలియర్ పిల్లలూ ఏడాదిగా దాన్ని కడుతున్నారు. శుక్రవారానికి పనిచేయకపోతే ఆ గది కంప్యూటర్లకు ఇచ్చేస్తానని ప్రిన్సిపాల్ గారు చెప్పేశారట.

నేను బస్సులోనే కారణం తేల్చేసుకున్నాను. కొల్లేటి గాలి. చుట్టూ చేపల చెరువులు, ఏది ముట్టుకున్నా చెమ్మ. మా వృత్తిలో ఏ కంప్లైంటు వచ్చినా ముందు గాలి మీదకు తోసేయడం అలవాటు. కిటికీలు మూయించి, హీటరు పెట్టించి గది ఆరబెట్టాను. చాంబర్ తీగ విప్పేసి పెట్టెనొక్కదాన్నే పెంచి చూశాను. మళ్లీ ట్రిప్. అంటే తప్పు నా పెట్టెలోనే ఉంది. పరువు సంగతి అలా ఉంచితే, తలుపు దగ్గర నిలబడ్డ ఆ పిల్లల మొహాలు చూడలేకపోయాను.

అటెండరు వెంకటరత్నం గారు టీ తెచ్చారు. పెద్దాయన. పిల్లలతో సమానంగా ఆ పలకలు రుద్ది నునుపు చేసిన మనిషి. ఆయన గ్లాసులిచ్చి బయటికి వెళ్లేదాకా ఆగి, ఎస్తేరు మేడం మెల్లగా అన్నారు.

"ఒక్క మాటండీ. ఆ పింగాణీ మీద పసుపూ కుంకుమా ఉన్నాయి, చూశారా?"

చూశానే గాని పట్టించుకోలేదు. దసరాకు మా వర్క్‌షాపులో మీటర్లకీ డ్రిల్లుకీ కూడా బొట్లే. నా కంటికి అదీ పెట్టెలో భాగమే. వేల వోల్టుల తీగ పెట్టె రేకుకు తగలకుండా పట్టి ఉంచేది ఆ పింగాణీయే. దాని పొడవునా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. గది ఆరింది గానీ పూతలోని చెమ్మ ఆరలేదు. కరెంటుకు బాట వేసి పెట్టినట్టే.

ముందే చెప్పలేదేమని అడిగాను.

"ఎలా చెప్పనండీ? వెంకటరత్నం గారు ఎంతో ఇష్టంగా పూజ చేశారు. నేనేమో చర్చికి వెళ్లేదాన్ని. నేను తుడవమంటే ఇంకోలా వినపడుద్దేమోనని ఊరుకున్నాను."

లైట్లు ఆపించి మళ్లీ పెంచాను. సన్నగా బుసలాంటి చప్పుడు. పసుపు వెంట ఊదారంగు వెలుగు పాకింది, పెట్టె ఆగిపోయింది. గ్లాసుల కోసం వచ్చిన వెంకటరత్నం గారూ అది చూశారు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అమ్మా, మీకు ముందే తెలుసాండీ?"

"అనుమానమేనండీ."

"మీరు చెబితే నేనేవన్నా అనుకుంటానా అమ్మా? ఈ పిల్లల కోసవే కదండీ పెట్టింది."

ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

స్విచ్ ఆపి, మిగిలిన చార్జిని ఎర్తు రాడ్డుతో తీసేశాక, స్పిరిట్ గుడ్డతో ఆయనే పింగాణీ తుడిచారు. మరి బొట్టు ఎక్కడ పెట్టమంటారని అడిగారు. పెట్టెను భూమికి కలిపే ఎర్తు బోల్టు చూపించి, అక్కడ ఎంత పెట్టినా ఫరవాలేదన్నాను. కుంకుమ భరిణె మేడమే అందించారు.

ఈసారి వోల్టేజ్ చివరిదాకా ఎక్కింది. చాంబర్ కలిపి, లైట్లు ఆపి ఎదురుచూశాం. టప్పుమని, పైనుంచి కిందికి ఏటవాలుగా ఎర్రటి మెరుపుల గీత. పిల్లల కేకలకు ప్రిన్సిపాల్ గారు పరుగెత్తుకొచ్చారు. ఇంకో గీత పడేదాకా ఆయనా కదల్లేదు. కంప్యూటర్లకు వేరే గది దొరికింది.

ఇప్పుడు ఏ ల్యాబుకు వెళ్లినా మీటరు బయటికి తీయకముందే ఒకటి అడుగుతాను, మీరు అనుకుని కూడా చెప్పకుండా ఊరుకున్నదేమైనా ఉందా అని. చాలామంది "ఏం లేదు గానండీ..." అంటారు. అప్పుడు నేను కుర్చీ లాక్కుని కూర్చుంటాను.